‘ఈ వయసులో అంతే’ అన్న నా మాట నా విద్యార్థుల నోట విన్నాను

ఉత్తరం సారాంశం

ఒక నర్సింగ్ కళాశాలలో రెండేళ్లుగా క్లినికల్ ట్యూటర్‌గా పనిచేస్తున్న పాఠకురాలు ఈ ఉత్తరం రాశారు. వయసు 29. మూడో సంవత్సరం విద్యార్థుల్ని మెడిసిన్ వార్డు పోస్టింగుకి తీసుకెళ్తుంటారు. ఈమధ్య ఒక మధ్యాహ్నం ఆమె డ్యూటీ గది బయట ఉండగా, లోపల విద్యార్థులు హ్యాండోవర్ (డ్యూటీ మారేటప్పుడు రోగుల వివరాలు అప్పగించడం) సాధన చేస్తున్నారు. ఒకమ్మాయి ఫైలు టప్పున మూసి, “పన్నెండో బెడ్డు. జబ్బు పేరు వయసు. మందు లేదు. తర్వాత!” అంది. అందరూ పగలబడి నవ్వారు. “ఆ మాట నాది. ఫైలు మూసిన తీరు కూడా నాదే” అంటారు ఉత్తరంలో.

అంతకు మూడు వారాల ముందు ఆ పన్నెండో బెడ్డులో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌తో చేరిన 78 ఏళ్ల ఆవిడ ఉండేవారు. ఒంటి దురదకి రాత్రి ఒక మాత్ర ఇచ్చారు. మర్నాడు పొద్దున ఆ బెడ్డు చూస్తున్న విద్యార్థిని వచ్చి, “నిన్న నా పేరు అడిగి మరీ పిలిచారు మేడమ్. ఇవాళ నాలుగుసార్లు పిలిస్తేగానీ కళ్లు తెరవలేదు” అని చెప్పింది. ఈ ట్యూటర్ “ఈ వయసులో అంతే, పడుకోనివ్వు” అన్నారు. మరుసటి రోజు సాయంత్రం డ్యూటీ డాక్టరు పొట్ట మీద చెయ్యి పెట్టి చూస్తే మూత్రాశయం నిండి గట్టిగా ఉంది. డెలీరియం, అంటే హఠాత్తుగా కమ్మే అయోమయ స్థితి, అని తేల్చారు, దురద మాత్ర ఆపారు, మూత్రం బయటికి తీసే గొట్టం (క్యాథెటర్) వేశారు. అయిదో రోజుకి ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని పేపరు చదువుతున్నారు. తర్వాత ఇంటికి వెళ్లిపోయారు. చెప్పిన విద్యార్థినితో మాత్రం ట్యూటర్ ఆ సంగతి ఎత్తలేదు.

ఆమె అడుగుతున్నవి ఇవి. విద్యార్థుల ముందు తప్పు ఒప్పుకోవాలా, ఒప్పుకుంటే తరగతి తన చేతిలో ఉంటుందా? వృద్ధుల సంరక్షణ అంటే మొదటి సంవత్సరం వాళ్లు చేసే ఒళ్లు తుడిచే పని అనీ, చురుకైన పిల్లల్ని ఐసీయూకి పంపాలనీ నమ్మే విభాగాధిపతితో ఎలా నెగ్గుకు రావాలి? విద్యార్థులకి మసక అద్దాలు, మందపాటి గ్లోవ్స్ తొడిగించి ముసలితనం ఎలా ఉంటుందో చూపించే కార్యక్రమానికి సగం రోజు దొరికింది, ముందూ తర్వాతా వైఖరి కొలిచే ప్రశ్నావళి కూడా ఇద్దామనుకుంటున్నారు, అది పనిచేస్తుందా? చివర్లో చిన్న అక్షరాలతో ఇంకొకటి: “నిజం చెప్పాలంటే ముసలివాళ్ల దగ్గర ఎక్కువసేపు ఉండలేను. నాకు ఊపిరాడదు. నేను ఈ పాఠం చెప్పడానికి తగనేమో.”

సమాధానం

మీ ఉత్తరంలో మిమ్మల్ని బాగా కోస్తున్నది ఆ నవ్వు. కానీ అంతకన్నా పట్టించుకోవాల్సింది దానికి మూడు వారాల ముందు మీరన్న చిన్న వాక్యం. విద్యార్థులు నవ్వినందుకు వాళ్లని దయలేనివాళ్లు అనుకోకండి. పెద్దవాళ్లలో ఒక మార్పు కనిపిస్తే అక్కడ వెతకాల్సింది ఏమీ లేదని వాళ్లు మీ దగ్గర నేర్చుకున్నారు. మీరు కూడా దాన్ని ఎక్కడో ఒకచోట, ఎవరో ఇలాగే ఫైలు మూస్తుంటే నేర్చుకుని ఉంటారు. సిలబస్‌లో లేకపోయినా వార్డులో ఒంటబట్టే ఇలాంటి చదువుని ‘కనిపించని పాఠ్యక్రమం’ అంటారు. వృద్ధాప్యం మీద మీరిచ్చే నలభై నిమిషాల లెక్చరు కన్నా, ఒక ప్రశ్నకి మీరిచ్చే నాలుగు సెకన్ల జవాబు పిల్లల్లో ఎక్కువకాలం ఉంటుంది.

ఆ వాక్యం వైద్యపరంగా ఏం చేసిందో ముందు చూద్దాం. మీ విద్యార్థిని చెప్పినది డెలీరియం నిర్వచనానికి దాదాపు సరిపోయే మాట. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య హఠాత్తుగా మార్పు, మెలకువ తగ్గడం, ధ్యాస నిలవకపోవడం. కేకలు వేస్తూ, ట్యూబులు పీకేసుకునే రకం డెలీరియం అయితే అందరి కంటా పడుతుంది. మగతగా, మాటా పలుకూ లేకుండా పడుకునే రకం ఎవరికీ ఇబ్బంది కలిగించదు కాబట్టి ఛార్టులో ‘రోగి ప్రశాంతంగా నిద్రపోతున్నారు’ అని ఎక్కిపోతుంది. ఎక్కువగా తప్పిపోయేది ఈ రెండో రకమే. ఇక దురదకి ఇచ్చే పాత తరం యాంటీహిస్టమిన్ మాత్రలు పెద్దవాళ్లలో మత్తు, అయోమయం కలిగిస్తాయి, మూత్రం బిగబట్టేస్తాయి. 1991లో డాక్టర్ మార్క్ బీర్స్ మొదలుపెట్టిన, ఇప్పటికీ నవీకరిస్తున్న ‘బీర్స్ ప్రమాణాలు’ అనే జాబితాలో, పెద్దవాళ్లకి వీలైనంతవరకు వాడకూడని మందుల్లో ఇవీ ఉన్నాయి. అంటే ఆ పొద్దున ఆవిడకి పట్టుకున్న జబ్బు పేరు వయసు కాదు. ఒక మాత్ర, నిండిన మూత్రాశయం, వాటి పైన ఇన్ఫెక్షన్. వీటిలో మొదటి రెండింటినీ అదే పొద్దున, వార్డులో, చేత్తో పట్టుకోవచ్చు.

అందుకే వైఖరి మార్చడమంటే పిల్లల మనసు మెత్తబరచడమే అనుకోకండి. జాలి వేరు, గౌరవం వేరు. పెద్దవాళ్లని ‘పాపం, మంచివాళ్లు, కానీ ఏమీ చేతకాదు’ అని చూడటం కూడా వయోవివక్షలో ఒక రూపమే. ఇందులో తిట్టు ఉండదు, విసుగు ఉండదు, కానీ పరీక్ష కూడా ఉండదు. మీ విద్యార్థులకి కావాల్సింది 28 ఏళ్ల మనిషి పిలిస్తే పలకకపోతే ఎంత గాభరాగా పరుగెత్తుతారో, 78 ఏళ్ల మనిషికీ అంతే పరుగెత్తే అలవాటు. ‘ఈ వయసులో అంతే’ అనే మాట నోటిదాకా వచ్చిన ప్రతిసారీ ‘రెండు వారాల కిందట ఈ మనిషి ఏం చేసుకోగలిగేవారు?’ అనే ప్రశ్న వేసుకోవాలి. ఆ ప్రశ్నకి జవాబు కేస్ షీట్‌లో దొరకదు. రోగిని అడగాలి, ఇంటివాళ్లని అడగాలి. అడిగితే మంచం మీద ముడుచుకున్న ఆవిడ స్థానంలో పేపరు చదివే మనిషి కనబడతారు. సగం వైఖరి అక్కడే మారుతుంది.

విద్యార్థుల ముందు ఒప్పుకోవడం సంగతి. మీ ముందు మూడు దార్లున్నాయి.

ఏమీ అనకుండా, ఇకనుంచి సరిగ్గా చేయడం ఒకటి. తేలిక, ఎవరి ముందూ తల దించక్కర్లేదు. కానీ ఆ విద్యార్థిని మనసులో ‘చెప్పాను, కొట్టిపారేశారు, నేను చెప్పిందే నిజమైంది, అయినా ఎవరూ ఏమీ అనలేదు’ అన్నది అలాగే మిగిలిపోతుంది. వచ్చేసారి ఆ పిల్ల చెప్పదు. మిగతావాళ్లు మీ పాత వాక్యాన్నే మీ మాటగా మోసుకెళ్తారు.

రెండోది, ఆ నవ్వు పట్టుకుని తరగతిని మందలించడం. ఇది వద్దంటాను. మీ దగ్గర నేర్చుకున్న మాటకి వాళ్లకే శిక్ష వేసినట్టవుతుంది. పైగా పిల్లలు అలాంటి మాటలు మానరు, మీ చెవిన పడకుండా అనుకుంటారు.

మూడోది, ఆ కేసునే పాఠం చేయడం. మీరు దీనికి సిద్ధపడితే, ముందు ఆ విద్యార్థినిని విడిగా పిలిచి రెండు నిమిషాలు మాట్లాడండి. “ఆ రోజు నువ్వు గమనించింది సరైనదే. నేను వినాల్సింది, వినలేదు. ఈ కేసు తరగతిలో చర్చిద్దామనుకుంటున్నాను, నీకు అభ్యంతరమా?” అంతే. ఆ పిల్ల వద్దంటే ఎవరు చెప్పారన్నది తరగతిలో ఎత్తకండి. తర్వాత పేరు, బెడ్ నంబరు, గుర్తుపట్టే వివరాలు తీసేసి ఛార్టుని గంటలవారీగా బోర్డు మీద వేయండి. చేరినప్పటి మెలకువ, రాత్రి మాత్ర వేసిన టైము, మూత్రం ఎన్నింటికి ఎంత వచ్చింది, ఎప్పటినుంచి ఆ గడి ఖాళీగా ఉంది, ఏ పూట తినడం మానేశారు. ఆ ఖాళీ గడులే వాళ్లకి ఎక్కువ చెబుతాయి. ‘ఇక్కడ ఎవరు ఏం అడిగి ఉంటే దారి మారేది?’ అని ప్రతి గడి దగ్గరా ఆగండి. ‘పడుకోనివ్వు’ అన్న చోటికి వచ్చాక, ఆ మాట అన్నది నేనే అని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకి పొండి. అక్కడ పావుగంట బాధపడితే తరగతి మొత్తం మిమ్మల్ని ఓదార్చే పనిలో పడుతుంది, ఆ 78 ఏళ్ల ఆవిడ మళ్లీ పక్కకి పోతారు.

తరగతి చేతిలోంచి జారిపోతుందేమోనని మీ భయం. ఒకరిద్దరు వెనక ఏదైనా అనుకోవచ్చు, దానికి సిద్ధంగా ఉండండి. దానికి బదులుగా, సందేహం వచ్చినప్పుడు మీ దగ్గరికి ధైర్యంగా వచ్చే విద్యార్థులు పెరుగుతారు. వార్డులో ట్యూటర్‌కి అంతకన్నా పెద్ద రక్షణ లేదు. మీ కళాశాలలో ఇలాంటివి పైవాళ్లకి రిపోర్టు చేసే పద్ధతి ఉంటే, తరగతికి ముందే వార్డు ఇన్‌ఛార్జితోనూ మీ విభాగాధిపతితోనూ మాట్లాడండి. వాళ్లకి ఈ సంగతి విద్యార్థుల ద్వారా తెలిస్తే, మీరు ఎంత మంచి ఉద్దేశంతో చేసినా మరోలా కనిపిస్తుంది.

ఆ తరగతి చివర పిల్లల చేతిలో ఒక పనిముట్టు పెట్టండి, లేకపోతే చర్చ గాలిలో కలిసిపోతుంది. డెలీరియం పట్టుకోవడానికి ‘ఫోర్ ఏటీ’ (4AT) అనే చిన్న పరీక్ష ఉంది. రెండు నిమిషాల్లోపు అయిపోతుంది, ప్రత్యేక శిక్షణ అక్కర్లేదు. మొదట మెలకువ చూడాలి. లేపిన పది సెకన్లలోపు మామూలుగా అయితే సున్నా, స్పష్టంగా తేడాగా ఉంటే 4. తర్వాత వయసు, పుట్టిన తేదీ, ఇప్పుడున్న చోటు, ఇది ఏ సంవత్సరం అని నాలుగు ప్రశ్నలు. ఒక తప్పుకి 1, రెండు లేదా ఎక్కువ తప్పులకి 2. మూడోది డిసెంబరు నుంచి నెలల్ని వెనక్కి చెప్పించడం. ఏడు లేదా అంతకన్నా ఎక్కువ నెలలు సరిగ్గా చెబితే సున్నా, అన్ని చెప్పలేకపోయినా మొదలుపెట్టనన్నా 1, మగత వల్లో నలత వల్లో అసలు పరీక్షించడమే కుదరకపోతే 2. చివరిది, ఈమధ్య రెండు వారాల్లో హఠాత్తుగా వచ్చి, గడిచిన 24 గంటల్లో కూడా ఉన్న మార్పు. ఉంటే 4. మొత్తం 4 గానీ ఆపైన గానీ వస్తే డెలీరియం ఉండొచ్చని అర్థం, డాక్టరుని పిలవాలి. మీ విద్యార్థిని ఆ పొద్దున చెప్పిన రెండు వాక్యాల్లో మొదటి అంశానికి 4, చివరి అంశానికి 4 ఉన్నాయి. బోర్డు మీద అవి కూడి చూపించండి. ‘ఎందుకో తేడాగా ఉంది మేడమ్’ అన్న గొంతుకి ఒక అంకె తోడైతే, మీరు కాదు కదా ఎవరూ దాన్ని తేలిగ్గా కొట్టెయ్యలేరు.

ఒక జాగ్రత్త. చెవి మిషను తీసి డ్రాయర్లో పెట్టి, కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయిన మనిషికి ఈ పరీక్ష పెడితే మార్కు పోయేది వినికిడి దగ్గర. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందుగా పోయేది పైస్థాయి శబ్దాలు. గట్టిగా అరిస్తే గొంతు సన్నబడి, అందని స్థాయికే ఎక్కుతుంది. అవతలివాళ్లకి కోపంగా ఉన్నారని అర్థమవుతుందిగానీ మాట అర్థం కాదు. ఎదురుగా, ముఖం మీద వెలుగు పడేలా కూర్చుని, కొంచెం బొంగురుగా, నిదానంగా, ఒక్కోసారి ఒక్క ప్రశ్నే అడగాలి. జవాబుకి మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టేంత సేపు ఆగాలి. ఆ అయిదు అంకెల మౌనం కుర్రవాళ్లకి చాలా కష్టం, అందుకే సాధన చేయించాలి.

పిలుపు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే మన భాషలో ఇది మరీ తొందరగా జారుతుంది. ఇంట్లో ‘మీరు’ అనే పిల్లలు కూడా వార్డు గౌను తొడిగిన మనిషిని చూడగానే ‘నువ్వు’లోకి దిగిపోతారు. “ఏం తాతా, మందేసుకున్నావా? గుడ్”, “అమ్మమ్మా, బుజ్జి కదూ, నోరు తెరువు.” ప్రేమగానే అంటారు. తాతా, అమ్మమ్మా అన్న పిలుపు నచ్చేవాళ్లు ఉన్నారు, కాదనను. ఎలా పిలవమంటారో మొదటి రోజే అడిగి, బెడ్ దగ్గర కార్డు మీద రాయడమే దీనికి మందు. చంటిపిల్లలతో మాట్లాడినట్టు ముద్దుగా సాగదీసే మాటల మీద పరిశోధనలు కూడా ఉన్నాయి. 2009లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం నర్సింగ్ హోముల్లో డిమెన్షియా ఉన్నవాళ్లకి స్నానం, బట్టలు మార్చడం లాంటివి చేస్తున్నప్పటి వీడియోలు చూసి, అలా మాట్లాడినప్పుడు వాళ్లు సంరక్షణకి ఎదురుతిరగడం ఎక్కువగా ఉందని తేల్చింది. ‘ముసలాయన మొండి’ అని హ్యాండోవర్‌లో చెప్పేముందు తామెలా మాట్లాడారో గుర్తుచేసుకోమనండి.

ఇక మీ సగం రోజు కార్యక్రమం. మసక అద్దాలు, చెవిలో దూది, బూటులో గులకరాయి పెట్టి నడిపిస్తే విద్యార్థులు కదిలిపోతారు, కొంతమంది కంటతడి కూడా పెడతారు. కానీ ఇరవై ఏళ్ల ఆరోగ్యవంతుడికి ఒక్క నిమిషంలో చూపూ వినికిడీ తగ్గిస్తే అతనికి తెలిసేది ముసలితనం కాదు, హఠాత్తుగా వచ్చిన వైకల్యం. నలభై ఏళ్లలో కొంచెం కొంచెంగా తగ్గిన చూపుతో బతకడం నేర్చుకున్న మనిషి తెలివితేటలు ఆ బూటులో రాయిలో ఉండవు. ఫలితంగా సానుభూతి పెరుగుతుంది, దాంతోపాటు ‘బాబోయ్, నేనిలా కాకూడదు’ అనే భయమూ పెరుగుతుంది. ఎవరో ఒకరు నడుం వంచి, చెయ్యి వణికించి నవ్విస్తే పూర్తిగా ఎదురుతిరుగుతుంది. మానేయమని అనడం లేదు. ఆ సగం రోజుని ఇలా మార్చి చూడండి.

ప్రతి పని రెండుసార్లు చేయించండి. మొదటిసారి నర్సు పాత్ర వేసే విద్యార్థి వెనకనుంచి, మాస్కుతో, ఫ్యాను చప్పుడులో, గబగబా చెబుతారు. బూడిద రంగు చిన్న అక్షరాల సమ్మతి పత్రం ఇస్తారు. మాత్రల పట్టీ మీద 5 మిల్లీగ్రాములో 50 మిల్లీగ్రాములో చదవమంటారు. టైము, తప్పులు రాసుకోండి. రెండోసారి అద్దాలూ గ్లోవ్సూ అవే, మనిషీ అతనే. నర్సు ఎదురుగా కూర్చుంటారు, కిటికీ వెలుగు కాగితం మీద పడేలా చూస్తారు, 16 సైజు నల్లటి అక్షరాల కాగితం ఇస్తారు, చెప్పిందాన్ని తిరిగి చెప్పమంటారు. మళ్లీ టైము, తప్పులు రాయండి. రెండు కాగితాలు పక్కపక్కన పెడితే, తప్పుల్లో ఎన్ని వయసువో, ఎన్ని మనవో విద్యార్థులకి కళ్లముందు కనిపిస్తుంది. వాళ్లు గదిలోంచి తీసుకెళ్లాల్సింది అదే. ఆటకి ఎంతసేపు పట్టిందో చర్చకీ అంతసేపు ఉంచండి. టైము చాలకపోతే ఆటనే తగ్గించండి.

వీలైతే, సొంతంగా ఇల్లు నడుపుకుంటున్న డెబ్బై, ఎనభై ఏళ్లవాళ్లని ముగ్గుర్ని పిలవండి. వాళ్లు చూసే వస్తువులుగా కాకుండా మార్కులు వేసేవాళ్లుగా రావాలి. విద్యార్థి వాళ్లకి ఒక మందు గురించి వివరించాలి, అర్థమైందా, చిన్నబుచ్చాడా అన్నదానికి వాళ్లు మార్కులేయాలి. ఇలా చెప్పడానికి కారణముంది. మీ విద్యార్థులు చూసే పెద్దవాళ్లంతా మంచం పట్టినవాళ్లే. కోలుకున్నవాళ్లు వాళ్ల కళ్లముందు లేకుండా ఇంటికి వెళ్లిపోతారు, అసలు జబ్బే చేయనివాళ్లు వార్డుకే రారు. రోజూ వార్డు మాత్రమే చూసే కంటికి ముసలితనమంటే మంచమే అనిపించడంలో వింతేముంది? ఊరికే ఎదురుపడితే పక్షపాతం పోదు. ఇద్దరికీ సమానమైన హోదా, ఒకే లక్ష్యం, కలిసి చేసే పని, పై సంస్థ మద్దతు ఉంటే పోతుందని మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పాడు. మంచం మీద పడుకున్నవాళ్లకీ పక్కన నిలబడ్డవాళ్లకీ మధ్య సమాన హోదా ఉండదు కదా. వయోవివక్షపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన నివేదిక పనిచేసే మార్గాలుగా చట్టాలు-విధానాలు, చదువు, తరాల మధ్య పరిచయం అనే మూడింటిని చెప్పింది. చివరి రెండూ మీ సగం రోజులో పడతాయి.

ప్రశ్నావళి విషయంలో ఆశ తగ్గించుకోండి. పెద్దవాళ్ల పట్ల వైఖరి కొలవడానికి నేథన్ కోగన్ 1961లో తయారుచేసిన 34 వాక్యాల స్కేలు ఇప్పటికీ నర్సింగ్ విద్యార్థుల మీద బాగా వాడతారు. అందులో 17 భావాలు ఒకసారి అనుకూలంగా, ఒకసారి ప్రతికూలంగా వస్తాయి. వృద్ధాప్యం గురించి పామోర్ 1977లో ఇచ్చిన 25 ప్రశ్నల క్విజ్ కొలిచేది ప్రధానంగా తెలివిడిని, వైఖరిని కాదు. ఏదైనా సరే, పొద్దున ఇచ్చి, కదిలించే ఆట ఆడించి, మధ్యాహ్నం మళ్లీ ఇస్తే మార్కులు పెరగడం సహజం. మేడమ్‌కి ఏం కావాలో పిల్లలకి తెలుసు. పేర్లు రాయించకండి, మూడు నెలల తర్వాత ఇంకోసారి ఇవ్వండి. వాటికన్నా వార్డులో కంటికి కనిపించేదాన్ని లెక్కపెట్టండి. 65 దాటిన రోగుల కేర్ ప్లాన్లు పది తీసి, ఎన్నింటిలో ‘జబ్బుకి ముందు ఏం చేసుకునేవారు’ అని రాసి ఉంది? చేరిన 24 గంటల్లో ఫోర్ ఏటీ ఎన్నింటిలో ఉంది? విద్యార్థి మొదటి ప్రశ్న రోగిని అడిగారా, పక్కనున్నవాళ్లనా? ఇప్పుడొకసారి, మూడు నెలలకొకసారి లెక్క చూడండి. మీ విభాగాధిపతికి కూడా కోగన్ మార్కుల కన్నా ఈ లెక్కే తొందరగా అర్థమవుతుంది.

ఆయన గురించి. పెద్దల సంరక్షణ తేలిక పని అనే ఆయన నమ్మకం మీద నైతికంగా వాదిస్తే, మీరు భావుకులు అన్న ముద్ర పడి ఆగిపోతారు. కష్టం అన్న వైపునుంచి వెళ్లండి, ఎందుకంటే నిజంగానే అది కష్టమైన విద్య. ఇన్ఫెక్షన్ ముదిరినా జ్వరం రాకపోవచ్చు. గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా ఆయాసంగానో నీరసంగానో రావచ్చు. కండ తగ్గిన ఒంట్లో, కిడ్నీ పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో చూసే క్రియాటినిన్ మామూలుగా కనిపిస్తూనే కిడ్నీ పని సగానికి పడిపోయి ఉండొచ్చు, ఆ అంకె చూసి మోతాదు నిర్ణయిస్తే మందు ఒంట్లో పేరుకుంటుంది. ‘కళ్లు తిరిగి పడిపోయారు’ అంటే అయిదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూసి, నిలబెట్టి ఒక నిమిషానికీ మూడు నిమిషాలకీ మళ్లీ చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే మందుల జాబితా తెరవాలి. ఎనిమిది మందులు వాడుతున్న మనిషిలో తొమ్మిదో మందు వేసిన దెబ్బని కనిపెట్టడం కన్నా ఐసీయూలో అలారం మోగితే చూడటం కష్టమని ఎవరూ అనలేరు. ‘పడుకోనివ్వు’ అన్నదానికీ ఖరీదుంది. 2007లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఏ జబ్బూ లేని పెద్దవాళ్లని పది రోజులు మంచానికే పరిమితం చేస్తే కాళ్లలోంచి సుమారు కిలో కండ పోయింది. జబ్బుపడ్డ మనిషి సంగతి ఆయనే ఊహించగలరు.

ఆయన చదువుకున్న మనిషి కాబట్టి ఒక చరిత్ర కూడా చెప్పండి. 1935లో బ్రిటన్‌లో మార్జరీ వారెన్ అనే డాక్టరుకి, తన ఆసుపత్రి పక్కనున్న నిరుపేదల శరణాలయపు ఆసుపత్రిలోని 714 మంది రోగుల్ని అప్పగించారు. ఎక్కువమంది ‘నయం కాని’ వృద్ధులన్న ముద్రతో ఏళ్లుగా మంచాల మీదే ఉన్నారు. ఆమె ఒక్కొక్కరినీ విడిగా పరీక్షించి, విడదీసి, లేపి నడిపించి, వార్డుల్లో వెలుతురు పెంచి, పట్టుకోవడానికి కమ్మీలు పెట్టించారు. చాలామంది లేచారు, ఇళ్లకి వెళ్లారు. వృద్ధుల వైద్యం ఒక ప్రత్యేక శాఖగా ఎదగడానికి ఒక పునాది అక్కడ పడింది.

ఆయన్ని అడగదగ్గవి రెండున్నాయి. పోస్టింగుల క్రమం మార్చి, మొదటి సంవత్సరం వాళ్లని నేరుగా దీర్ఘకాల వార్డులో వేయడం ఆపి, మూడో సంవత్సరంలో పెద్దవాళ్ల సమగ్ర పరీక్షని ప్రత్యేక పోస్టింగుగా పెట్టడం ఒకటి. ఇదే సరైనది. మొదటి నెలలో బెడ్‌పాన్ పట్టుకుని, తోడు ఎవరూ లేకుండా చూసిన ముసలితనమే చాలామంది విద్యార్థుల మనసులో నిలిచిపోతుంది. కానీ దీనికి కమిటీలు, టైంటేబుళ్లు కదలాలి, ఏడాది పట్టొచ్చు, ఆయనతో తగువూ రావచ్చు. రెండోది చిన్నది. కేస్ ప్రజెంటేషన్ మార్కుల షీటులో జబ్బుకి ముందటి స్థితి, మెలకువ-ధ్యాస పరీక్ష, నడక-పడిపోయే ప్రమాదం, మందుల సమీక్ష, రోగికి అన్నిటికన్నా ముఖ్యమైనదేమిటి అనే అయిదు గడులు చేర్చడం. విద్యార్థులు మార్కులున్నదే చేస్తారు, ఇది తప్పకుండా కదులుతుంది. చిక్కల్లా, గుడ్డిగా టిక్కులు కొట్టేస్తారు. అందుకని అయిదింటిలో ఒకటి ఎంచుకుని, “ఇది ఎలా తెలుసుకున్నావు?” అని నోటితో అడగాలి. నేనైతే రెండోదానితో మొదలుపెట్టి, మూడు నెలల లెక్కలు చేత్తో పట్టుకుని మొదటిదానికి వెళ్తాను. ఎవరికీ చెప్పకుండా మీ గంటల్లో మీరే చేసుకుపోవడం కూడా కుదురుతుంది, కానీ మీరు బదిలీ అయిన రోజున అది ఆగిపోతుంది.

మీ చిన్న అక్షరాల వాక్యానికి వస్తాను. వయోవివక్షకి 1969లో ఇంగ్లీషులో పేరు పెట్టిన అమెరికా మానసిక వైద్యుడు రాబర్ట్ బట్లర్ దాని వేరు ఎక్కడుందో కూడా అప్పుడే చెప్పాడు. వయసులో ఉన్నవాళ్లకి జబ్బు మీద, వైకల్యం మీద ఉండే జంకు, పనికిరాకుండా పోతామన్న భయం, చావు భయం. మీకు ఊపిరాడనిది ఆ మనుషుల వల్ల కాకపోవచ్చు, వాళ్లలో మీకు కనిపించే రేపటి వల్ల కావచ్చు. లేదా మీ ఇంట్లో ఎవరినైనా అలా చూసి ఉండొచ్చు. ఆ బాధ ఇంకా పచ్చిగా ఉంటే ఒక కౌన్సెలర్‌తో మాట్లాడటం మీకు మేలు. తగనివారా అంటే, కాదు. జంకు ఉండి కూడా సరిగ్గా పరీక్షించే నర్సు రోగికి సరిపోతారు. ప్రేమ పొంగిపొర్లుతూ మూత్రం ఛార్టు చూడని నర్సు సరిపోరు. రోజుకి ఒక్క పెద్ద మనిషి దగ్గర, ఏ ప్రొసీజరూ లేకుండా, కుర్చీ లాక్కుని ఏడెనిమిది నిమిషాలు కూర్చోండి. పని ఏం చేసేవారు, పొద్దున్నే లేవగానే ఏం చేస్తారు అని అడగండి. మొదటి వారం టైము చూసుకుంటూనే కూర్చుంటారు, ఫరవాలేదు. అలా కూర్చోగా ఇంకా ఊపిరాడకపోతే, ఈ పోస్టింగుని మరో ట్యూటర్‌తో పంచుకోమని అడగడం నామోషీ కాదు.

మీరు అడగని ఒక పని మిగిలింది. ఆవిడ ఇంటికి వెళ్లిపోయారన్నారు. దురద మళ్లీ వస్తుంది, అదే మాత్ర మళ్లీ ఎవరో రాస్తారు. వార్డు ఇన్‌ఛార్జిని పట్టుకుని ఆవిడ డిశ్చార్జి కాగితం తీయించండి. ఆ మందు పేరు, దానివల్ల డెలీరియం వచ్చి మూత్రం ఆగిందన్న మాట, ఇకపై ఇవ్వొద్దన్న సూచన అందులో ఉన్నాయేమో చూడండి. లేకపోతే చూసిన డాక్టరుకి చెప్పి రాయించి, ఇంటికి ఫోను చేయించండి. ఏం జరిగిందో ఆవిడకి, ఇంట్లోవాళ్లకి ఎవరైనా వివరంగా చెప్పారో లేదో కూడా అదే ఫోనులో తెలుస్తుంది. చెప్పి ఉండకపోతే డాక్టరుతోపాటు మీరూ ఆ సంభాషణలో ఉండండి, ఫోను ముందు ఆవిడ చేతికే ఇమ్మని అడగండి.